మధ్యలోంచి చూసినా నిండుగా ఉండే సినిమాలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

రిమోట్ నొక్కుకుంటూ పోతుంటే ఒకచోట వేలు ఆగిపోతుంది. కథ తెలుసు, మాటలు కంఠతా వచ్చు, సినిమా అప్పటికే సగం దాటిపోయింది, అయినా కూర్చుని శుభం కార్డు దాకా చూస్తాం. అలాంటి సినిమాలు ప్రతి తెలుగింట్లోనూ నాలుగైదు ఉంటాయి. వాటి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడగగానే ఒప్పుకున్నాను. మన సినిమా గురించి రాసినవారు విడుదల నాటి సంగతులు, వసూళ్ళు, శతదినోత్సవాలు వివరంగానే రాశారు. కానీ విడుదలై ఇరవై ముప్పై ఏళ్ళు గడిచాక, ఇళ్ళలో ముందుగదిలో, కూరగాయలు తరుగుతున్నవారి మధ్య, హోంవర్కు చేస్తున్న పిల్లల మధ్య ఆ సినిమా గడిపే రెండో జీవితం గురించి రాసినవారు చాలా తక్కువ. నా దృష్టిలో ఒక సినిమా జనానికి సొంతమయ్యేది ఆ రెండో జీవితంలోనే.

తెలిసిన కథను మళ్ళీ మళ్ళీ చూసే అలవాటు మనకు టీవీతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఈ అలవాటు టీవీ కంటే, ఆ మాటకొస్తే సినిమా కంటే కూడా పాతది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను ఊళ్ళలో తెల్లవార్లూ ఆడుతున్న రోజుల్లో, శ్రీకృష్ణుడు రాయబారానికి వెళ్ళి ఏం సాధిస్తాడో తెలియక పందిట్లో కూర్చున్నవాడు ఒక్కడైనా ఉండేవాడా? పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడు ఆ పద్యం ఎలా ఎత్తుకుంటారో, రాగం ఎక్కడిదాకా తీసుకెళ్ళి ఎక్కడ దించుతారో వినడానికి జనం బండ్లు కట్టుకుని వెళ్ళేవారు. సత్యహరిశ్చంద్ర నాటకంలో డి.వి. సుబ్బారావు గారి కాటిసీను కోసం అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని ఉండేవారు. నచ్చిన పద్యానికి 'వన్స్ మోర్' పడితే నటుడు కథను అక్కడే ఆపి, చనిపోయిన పాత్ర అయినా లేచి కూర్చుని, ఆ పద్యాన్ని మళ్ళీ పాడాల్సిందే. కథ ముందుకు సాగడం కంటే ఆ ఒక్క ఘట్టం పండడం ముఖ్యమని నమ్మిన ప్రేక్షకులు వాళ్ళు. ఇవాళ టీవీ ముందు కూర్చుని, "ఉండు, ఇప్పుడు ఆ సీన్ వస్తుంది" అని పక్కవారిని ఆపే మనం వాళ్ళ వారసులం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. ఏ ఘట్టానికి ఆ ఘట్టం విడిగా కూడా పండేలా, పద్యనాటకంలా అల్లుకున్న సినిమాలే టీవీలో నిలబడ్డాయి. మిగతావి ఎంత గొప్పవైనా టీవీలో ఇమడలేకపోయాయి.

ఈ మాటకు మొదటి సాక్ష్యం మాయాబజార్. 1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమాకు మూలమైన శశిరేఖా పరిణయం కథ అప్పటికే రంగస్థలం మీద నలిగిన కథ. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజాలవారు మాయాబజార్ నాటకాన్ని తరతరాలుగా ఆడుతూ వచ్చారు, ఇప్పటికీ ఆడుతున్నారు. 1936లో ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. అంటే దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, నిర్మాతలు విజయావారు ఎంచుకున్నది, థియేటరులో అడుగుపెట్టే ప్రతి ప్రేక్షకుడికీ ముగింపు ముందే తెలిసిన కథ. తెలిసిన కథను చెప్పేవాడు 'తర్వాత ఏమవుతుంది' అన్న ఆతురత మీద ఆధారపడలేడు కనుక ప్రతి నిమిషాన్నీ నింపాలి. పింగళి వారు చేసింది అదే. పాండవులను ఒక్కసారి కూడా తెర మీదికి తీసుకురాకుండా పాండవపక్షపు కథ నడిపారు. యుద్ధం లేదు, రాయబారం లేదు, ఉన్నదంతా పెళ్ళిసందడి, వియ్యాలవారి అతిశయం, వంటిల్లు, విడిదిల్లు. మన ఇళ్ళలో జరిగేవన్నీ అక్కడ జరుగుతాయి కాబట్టే ఎక్కడినుంచి చూడడం మొదలుపెట్టినా మనకు దారి తెలిసిపోతుంది.

ఇందులో ఒక ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి విడిదింట్లో ఉంటాడు, 'అహ నా పెళ్ళంట' పాట మొదలవుతుంది. తెర మీద ఉన్నది సావిత్రి, కానీ ఆ దేహంలో ఉన్నది ఎస్వీ రంగారావు. సుశీల గారి గొంతులో పాట వగలుపోతూ సాగుతూ సాగుతూ ఒక్కసారిగా ఘంటసాల గారి గొంతులోకి మారుతుంది. ఆ క్షణంలో సావిత్రి భుజాలు వెడల్పవుతాయి, మెడ బిగుసుకుంటుంది, నడకలోకి గదాధారి బరువు వస్తుంది, మరుక్షణం మళ్ళీ సిగ్గుపడే పెళ్ళికూతురైపోతుంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు. మొదటిసారి చూసినప్పుడు నవ్వుతాం. మళ్ళీ చూసినప్పుడు ఆమె చూపు గమనిస్తాం. ఇంకోసారి, ఆ మార్పు సరిగ్గా తాళంలో ఏ దెబ్బ మీద పడుతోందో పట్టుకుంటాం. ఆ తర్వాత ఎప్పుడో, పక్కన కూర్చున్న పిల్లవాడు మొదటిసారి నవ్వుతుంటే వాడి ముఖం చూస్తాం. ఒకే మూడు నిమిషాల పాట మనిషికి ఇన్నిరకాలుగా దక్కాలంటే అది ఒక్కసారి థియేటరులో చూస్తే అయ్యే పని కాదు, ఏళ్ళ తరబడి అది ఇంటికి వస్తూ ఉండాలి.

మాయాబజార్‌కు రంగులద్దిన రూపం 2010 జనవరిలో విడుదలైంది. పిల్లలను ఆ సినిమా ముందు కూర్చోబెట్టడంలో ఆ రంగుల సాయం ఉన్న మాట నిజమే, ఆ పని చేసినవారి శ్రమను నేను గౌరవిస్తాను. అయినా 'లాహిరి లాహిరి' పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపుల్లోనే పుట్టించిన వెన్నెలకు రంగు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. మీ పిల్లలకు రంగుల్లో ఒకసారి చూపించండి, కానీ ఆ పాట మాత్రం నలుపు తెలుపుల్లో చూపించండి.

ఇక టీవీ మన ఇళ్ళలోకి వచ్చిన క్రమాన్ని క్లుప్తంగా చెబుతాను. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. వారానికి ఒక సినిమా వేసే ఆ రోజుల్లో వీధికి ఒకటో రెండో టీవీలు ఉండేవి, కాబట్టి చూడడం కూడా పదిమందితో కలిసి చూడడమే. వాళ్ళు ఏ సినిమా వేస్తే అది చూశాం, ఎంపిక మన చేతిలో లేదు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక రోజుకు రెండు మూడు సినిమాలు, తర్వాత మా, జీ తెలుగు, ఆ పైన సినిమాలకే ప్రత్యేకించిన ఛానెళ్ళు వచ్చి రోజంతా సినిమాలే అయ్యాయి. ఛానెల్ నింపాల్సిన గంటలు పెరిగేకొద్దీ, ఒకసారి హక్కులు కొన్న సినిమాను ఎన్నిసార్లు వేస్తే అంత గిట్టుబాటు అన్న లెక్క వచ్చింది. వ్యాపారపు లెక్క వల్లనే మొదలైనా దాని ఫలితం మాత్రం పాతకాలపు నాటకాల పందిరిని మళ్ళీ ఇంటికి తెచ్చింది. అదే ఆట, అదే పాత్రలు, మనకు ఎప్పుడు కుదిరితే అప్పుడు వెళ్ళి కూర్చోవచ్చు. పండుగలకు ఆనవాయితీ కూడా ఏర్పడింది. శ్రీరామనవమి నాడు పానకం తాగి టీవీ పెడితే లవకుశ రావాల్సిందే. 1963లో పూర్తిగా రంగుల్లో తయారై విడుదలైన ఆ సినిమాలో లీల, సుశీల గొంతులు కలిసి కుశలవుల గానం ఎత్తుకుంటే వంటింట్లో ఉన్నవారు కూడా గరిట పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. పూర్వం పండుగకు పురాణ కాలక్షేపం ఎలాగో, ఇప్పుడు ఇది అలాగ.

దాన వీర శూర కర్ణ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1977 సంక్రాంతికి విడుదలైన ఈ సినిమా దాదాపు నాలుగు గంటలు నడుస్తుంది. ఎన్.టి. రామారావు దర్శకత్వం వహిస్తూ కృష్ణుడిగా, కర్ణుడిగా, దుర్యోధనుడిగా మూడు పాత్రలు వేశారు. దాన్ని ఒక్క బిగిన మొదటినుంచి చివరిదాకా టీవీలో చూసినవారు మనలో ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే గాని, అస్త్రవిద్యా ప్రదర్శన సభలో కర్ణుడి కులం అడిగినప్పుడు దుర్యోధనుడు లేచి, అక్కడున్న పెద్దల పుట్టుకలన్నీ ఒక్కొక్కటిగా ఎత్తిచూపే ఘట్టం చూడనివారు లేరు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ మాటలను అక్షరం పొల్లుపోకుండా చెప్పగలిగే ఆటో డ్రైవర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీరింగు విద్యార్థులు నాకు తెలుసు. సంస్కృత సమాసాలతో నిండిన ఆ తెలుగును బడిలో ఏ మాస్టారూ వారికి నేర్పలేదు, టీవీ నేర్పింది. పాఠ్యపుస్తకంలో గ్రాంథికం అనగానే పుస్తకం మూసేసే పిల్లవాడు ఆ సంభాషణను మాత్రం ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా నేర్చుకుని చెబుతాడు. మన భాషకు ఇది చిన్న మేలు కాదు.

ఇప్పటి తరం సినిమాకు వస్తే, టీవీలో తిరిగి తిరిగి చూసే సినిమా అనగానే అందరి నోటా ముందు వచ్చే పేరు అతడు. 2005 ఆగస్టు 10న విడుదలైన ఈ సినిమాను త్రివిక్రమ్ శ్రీనివాస్ రాసి తీశారు, మురళీమోహన్ గారి జయభేరి ఆర్ట్స్ సంస్థ నిర్మించింది. ఈ సినిమాను టీవీ ఇన్నేళ్ళు ఎందుకు మోసిందన్న ప్రశ్నకు నా సమాధానం దాని కథలోనే ఉంది. కథగా చెప్పుకుంటే అది డబ్బు తీసుకుని హత్యలు చేసే కుర్రవాడి కథ. చేయని హత్య మీద పడి, పోలీసుల నుంచి పారిపోతూ రైలెక్కుతాడు. ఆ రైల్లో చిన్నప్పుడు ఇల్లు వదిలి వెళ్ళిపోయి ఇన్నాళ్ళకు తిరిగి వెళుతున్న పార్థు అనే మరో కుర్రవాడు పరిచయమై, ఇంట్లో ఎవరెవరున్నారో ముచ్చట్లు చెబుతూ ఉండగానే పోలీసు తూటాకు బలైపోతాడు. ఆ పేరుతో ఇతను బాసర్లపూడిలో ఆ ఇంట్లో అడుగుపెడతాడు.

మొదటిసారి చూసేవారికి ఆ రైలు ఘట్టం కథలో ఒక మలుపు మాత్రమే. రెండోసారి నుంచి అది మరొక రకంగా కనిపిస్తుంది. పార్థుగా రాజీవ్ కనకాల ఆ కాసేపట్లో చెప్పే ఇంటి కబుర్లే తర్వాత సినిమా అంతటికీ పునాది. మాటలు చెబుతున్న అతను ఇల్లు చేరడని మనకు తెలుసు, వింటున్న మహేశ్‌బాబు ముఖంలో ఏ కదలికా లేదని కూడా అప్పుడే గమనిస్తాం. ఆ తర్వాత ఇంట్లో జరిగే ప్రతి హాస్య సన్నివేశం కింద ఆ మరణం ఉంటుంది. తాత సత్యనారాయణమూర్తిగా నాజర్ మనవడిని చూసి మురిసిపోతుంటే, ఆయన పొందుతున్న ఆనందానికి ఆధారం లేదని తెలిసి మనకు గుండె బరువెక్కుతుంది. ఒకే సన్నివేశం మొదటిసారి నవ్విస్తుంది, తర్వాత నవ్విస్తూనే బాధపెడుతుంది. కథ తెలిసినందువల్ల తగ్గకుండా, తెలిసినందువల్లనే పెరిగే సినిమాకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఇటీవలి కాలంలో నాకు కనబడలేదు.

ఆ సినిమాలో ఇల్లు కూడా ఒక పాత్రే. పెద్ద లోగిలి, వరండా, వరుసలు పెట్టి పిలుచుకునే మనుషులు, పెళ్ళిపనులు, పొలం తగాదా. మొదట్లో పేలిన తూటా, చివర్లో పాడుబడిన చర్చిలో పోరాటం, వీటి మధ్య ఉన్నదంతా బంధువుల ఇంటికి వెళ్ళినట్టే ఉంటుంది. పట్నంలో రెండు గదుల ఫ్లాటులో ఉండేవారికి, న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఆదివారం పొద్దున తెలుగు ఛానెల్ పెట్టుకునేవారికి ఆ మూడు గంటలూ ఒక లోగిలి దొరుకుతుంది. నువ్వు నాకు నచ్చావ్ విషయంలోనూ అంతే. 2001లో విజయభాస్కర్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాకు కథ, మాటలు ఇచ్చినదీ త్రివిక్రమే. భోజనాల బల్ల దగ్గర వెంకటేశ్ దేవుడికి ప్రార్థన చేసే ఘట్టానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరుగుతుందో తెలియని మనిషి కూడా కూర్చుని నవ్వగలడు. గుండమ్మ కథలో రామారావు నిక్కరు వేసుకుని రుబ్బురోలు దగ్గర కూర్చుని పిండి రుబ్బే ఘట్టం 1962లో ఎంత తాజాగా ఉందో ఇప్పటికీ అంతే తాజాగా ఉంది. సూర్యకాంతం గొంతు వినబడగానే మన ఇంట్లోనో పక్కింట్లోనో ఒకరు గుర్తొస్తారు. ఈ సినిమాలన్నిటిలోనూ కలిసి భోంచేయడం, కలిసి పని చేయడం, ఒకరినొకరు దెప్పుకోవడం ఉన్నాయి, వాటిని చూసేవారు కూడా అదే సమయంలో అదే పనుల్లో ఉన్నారు. ఒంటరిగా చీకట్లో చూడవలసిన సినిమాకూ ఇంట్లో వెలుతురులో చూడదగ్గ సినిమాకూ తేడా ఇక్కడే ఉంది.

హాస్యచిత్రాలకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. జంధ్యాల గారి అహ నా పెళ్ళంట 1987లో వచ్చింది, ఆదివిష్ణు నవల సత్యంగారిల్లు దానికి ఆధారం. కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి పాత్ర పరమ పిసినారి. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం ముద్దలు మింగుతాడు. ఆ దృశ్యాన్ని తెలియనివారికి మాటల్లో చెబితే నవ్వు రాదు, చూసినప్పుడు వచ్చే నవ్వు కోట కళ్ళలోంచి వస్తుంది. ముద్ద నోట్లో పెట్టుకోవడానికి ముందు కోడి వైపు చూసే ఆ చూపులో నిజమైన తృప్తి ఉంటుంది, తాను కోడికూర తింటున్నాననే అతను నమ్ముతున్నాడు. ఎన్నోసారి చూస్తున్నా నవ్వు వస్తుందంటే కారణం ఆ నమ్మకం. కోట గారు 2025 జూలైలో కన్నుమూశారు. ఆ వారం ఛానెళ్ళన్నీ ఆయన సినిమాలు వేశాయి, జనం కూర్చుని నవ్వుతూనే కన్నీళ్ళు పెట్టుకున్నారు. సౌందర్య పోయి ఇరవై ఏళ్ళు దాటింది, ఆర్తీ అగర్వాల్ 2015లోనే వెళ్ళిపోయింది. వారు మధ్యాహ్నం పూట మన ఇళ్ళలో ఇంకా అదే వయసులో నవ్వుతూ తిరుగుతున్నారు. నాకు ఇది ప్రతిసారీ కాస్త కష్టంగానే ఉంటుంది, అయినా ఛానెల్ మార్చను.

మనం కూడా మారుతూ ఉంటాం కదా. 2006లో బొమ్మరిల్లు వచ్చినప్పుడు కాలేజీలో ఉన్నవారంతా కొడుకు సిద్ధు పక్షం. ప్రతి చిన్న విషయమూ తానే నిర్ణయించే తండ్రిని చూసి థియేటరులో పళ్ళు నూరారు. ఆ కుర్రవాళ్ళే ఇప్పుడు నలభైకి దగ్గరపడి, కొడుకు కోసం స్కూలు, కోచింగు, బ్యాట్ సైజు కూడా తామే ఎంచుతూ ఆ సినిమా చూస్తున్నారు. సముద్రం ఒడ్డున అడుగులు నేర్చుకుంటున్న పసివాడి చెయ్యి తండ్రి పట్టుకునే మొదటి దృశ్యం అప్పుడు వారికి పట్టలేదు, ఇప్పుడు ప్రకాశ్‌రాజ్ ముఖం మీద నుంచి చూపు తిప్పుకోలేకపోతున్నారు. సినిమాలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు. చూసేవాడు సోఫాలో ఈ చివర నుంచి ఆ చివరకు జరిగాడు, అంతే.

థియేటరులో ఓడిపోయి టీవీలో గెలిచిన సినిమాలది మరొక కథ. ఖలేజా 2010 అక్టోబరులో విడుదలైనప్పుడు, మూడేళ్ళ విరామం తర్వాత వస్తున్న మహేశ్‌బాబు సినిమా అన్న ఆశ ఆకాశమంత ఉండేది. జనం ఒక తరహా సినిమా ఊహించుకుని వెళ్ళారు, తెర మీద ఒక నోటిదురుసు టాక్సీ డ్రైవరు తనను దేవుడంటే ఒప్పుకోక తిట్టుకుంటూ తిరిగాడు. నిరాశతో బయటికి వచ్చారు. టీవీలో ఆ ఊహల బరువు లేదు, టిక్కెట్టు డబ్బుల బాధ లేదు. ఒక సీను చూశారు, నవ్వారు, మర్నాడు మరొక సీను చూశారు. అలా ముక్కలు ముక్కలుగా కూడబెట్టుకుని కొన్నేళ్ళకు సినిమా మొత్తాన్ని ప్రేమించారు. 2025 మేలో దాన్ని మళ్ళీ థియేటర్లలో వేసినప్పుడు జనం కొత్త సినిమాకు వచ్చినట్టు వచ్చి, మాటలన్నీ తెరకంటే ముందే చెప్పారు. 2022 ఆగస్టులో పోకిరి ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకున్న ఈ మళ్ళీ విడుదలల పద్ధతికి శిక్షణశాల టీవీయే. అమెరికాలో 1946 నాటి ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ అనే సినిమాకు 1974లో కాపీరైటు పొడిగించక జారిపోతే టీవీ స్టేషన్లన్నీ ఉచితంగా క్రిస్మస్ రోజుల్లో వేసి, విడుదలనాడు అంతంతమాత్రంగా ఆడిన దాన్ని ఆ దేశపు పండుగ సినిమాగా చేశాయి. హిందీవారు రోజూ ఎదురయ్యే సినిమా అని చెప్పుకునే సూర్యవంశం కూడా ఆ కోవలోదే. 1999లో దాన్ని తీసింది మన ఇ.వి.వి. సత్యనారాయణ, నిర్మించింది పద్మాలయావారు, కథానాయిక మన సౌందర్య. ఉత్తరాది ఇళ్ళలో ఇన్నేళ్ళుగా తిరుగుతున్న ఆ సినిమా వెనక తెలుగు చేతులున్నాయని మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు.

ఇంతా చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది. ఈ సినిమాలన్నీ ఇప్పుడు ఫోనులో ఉన్నాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ప్రకటనలు లేకుండా చూడవచ్చు. మరి టీవీలో వచ్చేదాకా ఎందుకు ఆగుతాం? నేను గమనించినంతవరకు, అతడు సినిమా తానుగా వెతికి పెట్టుకుని చూసేవారు తక్కువ, వస్తుంటే వదలనివారు ఎక్కువ. ఎంచుకోవడం ఒక బాధ్యత, ఎదురుపడడం ఒక సంతోషం. పైగా టీవీలో వస్తోందంటే అదే నిమిషంలో వేరే ఊళ్ళో ఉన్న అక్కయ్య కూడా చూస్తోందన్న మాట. "జెమినిలో పెట్టు, ఆ పాట వస్తోంది" అని ఫోను వస్తుంది. ఫోనులో ఒంటరిగా చూసేవాడికి ఆ పక్కమనిషి లేడు.

ఇక నా ఫిర్యాదుకు వస్తాను, ఇది నేను తేలిగ్గా చెబుతున్న మాట కాదు. నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. ఆ లెక్కన మూడు గంటల సినిమా మూడు ముప్పావు గంటల్లో అయిపోవాలి. ఆ వ్యవధిలో సినిమాను కుదించడానికి ముందుగా బలయ్యేది పాట. పాత సినిమాల్లో చరణం మధ్యలో ప్రకటన పడుతుంది, తిరిగి వచ్చేసరికి పాట ఉండదు, మాటలు మొదలై ఉంటాయి. పద్యం సగంలో తెగిపోయిన ఘోరాలు కూడా చూశాను. పాత చదరపు చట్రపు సినిమాను వెడల్పు తెరకు సాగదీసి, సావిత్రి ముఖాన్ని అడ్డంగా లావు చేసి చూపించడం మరొకటి. ఘట్టం ఘట్టంగా బతికే సినిమాకు ఘట్టం మధ్యలో కోత పడితే మిగిలేదేమిటి?

దీనికంటే పెద్ద నష్టం, మధ్యలోంచి చూడడానికి కుదరని సినిమాలది. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన మల్లీశ్వరి ఉంది. దేవులపల్లి వారి మాట, సాలూరు రాజేశ్వరరావు బాణీ, భానుమతి గొంతు, రామారావు మౌనం, అన్నీ ఒకదానిలోకి ఒకటి మెల్లగా ఇంకుతూ పోయే సినిమా అది. వానలో సత్రంలో మొదలైన మాట రాణివాసం గోడల దాకా వెళ్ళి ఎలా బరువెక్కుతుందో తెలియాలంటే మొదటినుంచి కదలకుండా చూడాలి. ఇరవై నిమిషాలకు ఒకసారి సబ్బు ప్రకటన వస్తే మల్లీశ్వరి విరిగిపోతుంది. అందుకే దాన్ని వేయడం లేదు, వేసినా తెల్లవారుజామునో, ఎవరూ ఇంట్లో లేని వేళనో వేస్తారు. వేయకపోతే కొత్త తరానికి తెలియదు, తెలియకపోతే ఎవరూ అడగరు, అడగకపోతే మంచి ప్రతి తయారు చేయించడానికి ఎవరూ ఖర్చు పెట్టరు. తెలుగులో మొట్టమొదటి టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద ఇవాళ మనకు చూడడానికి దొరకదు. ఆ తొలి దశాబ్దపు సినిమాలు చాలావరకు ఆ దారినే పోయాయి. ఆనాడు దాచుకోవాలన్న ఆలోచన లేదు, సాధనాలూ లేవు. మనకు రెండూ ఉన్నాయి.

ప్రకటనల మీద బతికే ప్రైవేటు ఛానెళ్ళను ఈ పని చేయమనడం న్యాయం కాదు, వాటి లెక్కలు వాటికున్నాయి, అవి మనకు చేసిన మేలు ఇంతసేపూ చెప్పాను. కానీ దూరదర్శన్‌కు యాదగిరి, సప్తగిరి అని రెండు తెలుగు ఛానెళ్ళున్నాయి, ప్రజల డబ్బుతో నడుస్తున్నాయి. వారానికి ఒక్క పాత తెలుగు సినిమా, రాత్రి తొమ్మిది గంటలకు, పాటలు కొయ్యకుండా, మధ్యలో ప్రకటనలు లేకుండా, తీసిన చట్రంలోనే వేయమని కోరుతూ ఒక ఉత్తరం తయారు చేశాం. మొదటి నెలకు మల్లీశ్వరి, మిస్సమ్మ, నలుపు తెలుపుల మాయాబజార్, గుండమ్మ కథ అని రాశాం. ఆ జాబితాలో ఏదైనా మార్చాలనిపిస్తే చెప్పండి, పెద్దవారి సూచనలు ముఖ్యంగా కావాలి. ఉత్తరం ఈ బల్ల మీదే ఉంది, సంతకం చేయదలచినవారు వెళ్ళేముందు చేయవచ్చు. ఇక మీ ప్రశ్నలు వింటాను.